తనిఖీ రోజు ఉయ్యాలలు

తనిఖీ వస్తోందంటే ఆ కుట్టు ఫ్యాక్టరీలో అందరికంటే ముందు జిరాఫీకి తెలిసేది.

కింది అంతస్తులో మెట్ల పక్కన ఒక పెద్ద గది ఉంది. తలుపు మీద రంగురంగుల అక్షరాలతో ‘పసిపిల్లల గది’ అని రాసి ఉంటుంది. లోపల గోడ నిండా బొమ్మలు. ఏనుగు, కుందేలు, గొడుగు పట్టుకున్న ఎలుగుబంటి, వాటన్నిటికంటే ఎత్తుగా ఒక జిరాఫీ. గది మాత్రం ఏడాది పొడవునా గుడ్డ తానులతో, గుండీల పెట్టెలతో, కాళ్ళు విరిగిన కుర్చీలతో కిక్కిరిసి ఉంటుంది. గోడ వెంట తానులు పేర్చేయడంతో ఏనుగూ కుందేలూ ఎవరికీ కనబడవు. జిరాఫీకి తల ఒక్కటే బయట. తనిఖీ అని కబురందగానే కూలీలు వచ్చి తానులు మోసుకుపోతారు. అప్పుడు జిరాఫీకి మెడ వస్తుంది, తర్వాత ఒళ్ళు, ఆఖరుకి కాళ్ళు. కాళ్ళు కనిపించాయంటే అధికారి రాక దగ్గరపడినట్టే.

దారాలత్త ఆ కాళ్ళను ఎన్నిసార్లు చూసిందో ఆమెకే గుర్తులేదు.

కుట్టడం పూర్తయిన చొక్కాలకు వేలాడే దారపు కొసలు కత్తిరించడం ఆమె పని. చిన్న కత్తెర వేలికి తగిలించుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల ముందు నిలబడాలి. ఆ పనిలో చేరినప్పటి నుంచీ అందరికీ ఆమె దారాలత్తే. వీధిలో ఎవరి భుజం మీదైనా పోగు కనిపిస్తే ఆమె వేళ్ళు ఊరుకోవు. ఒకసారి బస్సులో ముందు నిలబడ్డ ఎవరో పెద్దమనిషి కాలరుకున్న దారం లాగి, అతను వెనక్కి తిరిగి చూసేసరికి సిగ్గుతో చచ్చిపోయింది.

తనిఖీ రోజున మాత్రం ఆమె దారాలు కత్తిరించదు. ఆ రోజు ఆమె ఆయా. తెల్లటి ఏప్రన్ కట్టి, జుట్టుకు వల వేసి, పిల్లల గదిలో చాప మీద కూర్చోబెడతారు. చూడగానే పదిమంది పిల్లల్ని పెంచిన మనిషిలా ఉంటుందని మేనేజరే ఏరి మరీ పెట్టాడు. ఆమె పెంచింది ఒక్క కొడుకునే. వాణ్ణి కూడా పెంచింది చాలావరకు పక్కవాళ్ళే. ఎందుకంటే అప్పుడూ ఆమె ఇదే బల్ల ముందు నిలబడి ఉంది, అప్పుడూ ఈ గదిలో తానులే ఉన్నాయి.

ఈసారి కబురు వచ్చిన రోజున ఆమె మనసు వేరే చోట ఉంది.

కోడలు అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. మంచి చేయి. వంకర పోని కాలరు కావాలంటే ఆ మిషను దగ్గరికే పంపుతారు. మనవరాలు చిట్టి ఇప్పుడిప్పుడే బోర్లాపడి పాకడం నేర్చుకుంటోంది. కొడుకు లారీ తోలుతూ వారానికోసారి ముఖం చూపిస్తాడు. అత్తాకోడళ్ళు పనికి వెళ్తే పిల్లను పక్కింటి మామ్మ చూసుకునేది. ఆ మామ్మకు ఈమధ్య మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. పాకే పిల్ల వెనకాల పరిగెత్తడం తన వల్ల కాదని, కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పేసింది.

“ఎవరో ఒకరం మానాలి,” అంది కోడలు ఆ సాయంత్రం పాలసీసా కడుగుతూ. మానాల్సింది తానేనని ఆ గొంతులోనే తెలిసిపోతోంది.

“చూద్దాంలే,” అంది దారాలత్త.

“ఇంకేం చూస్తాం అత్తయ్యా? మీరేమో పెద్దవారు, ఇంట్లో పసిపిల్లతో రోజంతా వేగలేరు. నాకేమో...” అని ఆగిపోయింది.

ఆ ‘నాకేమో’ తర్వాత ఏముందో దారాలత్తకు తెలుసు. పెళ్ళయి వచ్చిన కొత్తలో బిక్కుబిక్కుమంటూ ఉండే పిల్ల, కాలర్ మిషను దగ్గర కూర్చున్నాక మనిషైంది. ఇంట్లో మెల్లగా మాట్లాడే గొంతు అక్కడ పాట పాడుతుంది. ఆ పిల్లను తీసుకొచ్చి మళ్ళీ నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టాలంటే దారాలత్తకు ప్రాణం ఒప్పలేదు.

మర్నాడు సూపర్‌వైజరు మిషన్ల లైను మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. “అందరూ వినండి. వచ్చే సోమవారం తనిఖీ. పసిపిల్లలున్నవాళ్ళు ఆ రోజు పిల్లల్ని తప్పకుండా తీసుకురావాలి. తలకు నూనె రాసి, శుభ్రంగా. ముక్కులు కారుతున్నవాళ్ళను తేవద్దు.”

“మిగతా రోజుల్లో తెస్తే గేటు దగ్గరే తరిమేస్తారు, ఆ ఒక్కరోజు మాత్రం తేకపోతే తరిమేస్తారు,” అంది గుండీలు కుట్టే అమ్మాయి, తల ఎత్తకుండా. లైనంతా కిసుక్కుమంది.

“ఏంటే గొణుగుతున్నావ్?”

“ఏం లేదు మేడమ్. మావాడికి నూనె సరిపోతుందా అని ఆలోచిస్తున్నా. వాడి తల పెద్దది.”

ఆ గుండీలమ్మాయి కొడుకు బండోడు. పేరుకు తగ్గట్టే ఉంటాడు. నడక వచ్చింది, మాటలు సగం వచ్చాయి, పళ్ళు మాత్రం పూర్తిగా వచ్చాయి.

సోమవారం నాటికి గది తళతళలాడిపోయింది. తానులన్నీ నడవాలోకి, మెట్ల కిందికి, కొన్ని ఆరుబయట టార్పాలిన్ పట్టా కిందికి చేరాయి. ఉయ్యాలలు వేలాడాయి. స్టోరు గుమాస్తా బొమ్మలు తెచ్చి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి దారాలత్తకు అప్పగించాడు. ప్లాస్టిక్ బాతు, గిలక్కాయలు, రైలుబండి. అన్నీ కొన్ననాటి కవర్లలోనే ఉన్నాయి.

“కవర్లు తీయొద్దు అత్తా. మళ్ళీ వచ్చేసారికి ఉండాలి.”

“మరి ఎలా ఆడుకుంటారయ్యా?”

“కవరుతోనే ఆడుకోమను. చప్పుడు కూడా బాగా వస్తుంది.”

పిల్లలొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఏడుపు లంకించుకున్నారు. తెలియని గది, తెలియని ఉయ్యాల, తెల్ల ఏప్రన్‌లో తెలియని ముసలమ్మ. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. రోజూ తన ఒళ్ళో పడుకునే చిట్టి కూడా నెత్తి మీద వల చూసి నానమ్మను గుర్తుపట్టక గుక్కపెట్టింది. బండోడు తలుపు దగ్గర బైఠాయించి, “అమ్మా పోదాం, అమ్మా పోదాం” అంటూ ఒకటే పాట. పైన మిషన్ల హోరులోంచి కూడా ఆ ఏడుపులు వినపడి, కోడలు ఒక కాలరును తలకిందులుగా కుట్టేసింది. ఆ మిషను మీద అలాంటిది ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం దాకా ఎదురుచూశాక కబురొచ్చింది. అధికారి రావడం లేదు. పైవాళ్ళ మీటింగు పడిందట. రేపో ఎల్లుండో వస్తాడట.

మేనేజరు నడవాలో తానుల మధ్య పక్కకు తిరిగి నడుస్తూ వచ్చి, గదిని చూసి, ఏడుస్తున్న పిల్లల్ని చూసి తల పట్టుకున్నాడు. “రేపు కూడా తీసుకురమ్మను,” అని సూపర్‌వైజరుతో అన్నాడు. “తానులు కదపొద్దు. ఎప్పుడొస్తాడో ఏమో.”

మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. జీపు చెడిపోయిందని ఒకసారి, పై అధికారి సెలవులో ఉన్నాడని ఇంకోసారి. తానులు లోపల పెట్టడానికి లేదు, బయట ఉంచడానికి లేదు. మబ్బు పట్టినప్పుడల్లా మేనేజరు కిటికీ దగ్గరికి పరిగెత్తేవాడు. కూలీలు పట్టాలు లాగి లాగి అలిసిపోయారు. ఫ్యాక్టరీ మొత్తం ఆ అధికారి కోసం కళ్ళు కాయలు కాచేలా చూసింది, పిల్లల గది తప్ప.

గదిలో వేరే సంగతి నడుస్తోంది. మూడో రోజుకు బండోడు తలుపు వదిలి రైలుబండి దగ్గరికి వచ్చాడు. కవరును పళ్ళతో కొరికి చింపేశాడు. దారాలత్త చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ తర్వాత తనే చిన్న కత్తెరతో మిగతా కవర్లన్నీ కత్తిరించింది. జుట్టు వల తీసి గూట్లో పెట్టింది. చిట్టి నానమ్మను గుర్తుపట్టి, వారం తిరిగేసరికి జిరాఫీ కాళ్ళ దాకా పాకి గోడను చరచడం మొదలుపెట్టింది. ఏ పిల్లకు ఏ వేళకు నిద్ర వస్తుందో, ఎవరిని ఎటు తిప్పి పడుకోబెడితే ఏడవరో దారాలత్తకు తెలిసింది. పాలిచ్చే వేళకు తల్లులు పరుగున దిగి వచ్చేవాళ్ళు. పాలు తాగి పిల్ల నిద్రపోతుంటే, ఒకరి పక్కన ఒకరు చాప మీద కూర్చుని అయిదు నిమిషాలు ఊరికే గోడకు ఆనుకునేవాళ్ళు.

పైన కోడలి పాట మళ్ళీ మొదలైంది.

సాయంత్రాలు మాత్రం దారాలత్త ఒళ్ళు హూనమయ్యేది. కిందా పైనా పడి లేచి, పిల్లల్ని మోసి, గుడ్డలు ఉతికి, ఇంటికి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. అయినా ఆ అలసట దారాల బల్ల దగ్గరి అలసటలా ఉండేది కాదు. అక్కడ కాళ్ళు లాగేవి. ఇక్కడ చేతులు.

“రాకుండా ఉంటే బాగుండు,” అంది ఒక సాయంత్రం నడుస్తూ.

“ఎవరు?” అంది చిట్టిని ఎత్తుకున్న కోడలు.

“ఆ అధికారి. ఎక్కడివాడక్కడే చల్లగా ఉండి, రేపొస్తా రేపొస్తా అంటూ ఉంటే చాలు.”

కోడలు నవ్వింది. “మన కోసం ఆయన ఉద్యోగం మానేయాలంటారా?”

“మానక్కర్లేదు. వాయిదా వేస్తే చాలు.”

పక్కింటి మామ్మ వెళ్ళిపోయింది. ఎవరు పని మానాలన్న మాట అత్తాకోడళ్ళు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే ఆ గది మాయమైపోతుందేమో అన్నట్టు ఇద్దరూ జాగ్రత్తపడ్డారు.

చివరికి ఒక రోజున అధికారి రానే వచ్చాడు. ముందురోజే ఫోను వచ్చింది, గంట ముందు ఇంకో ఫోను వచ్చింది, గేటు దగ్గర దిగాక మేనేజరు ఎదురెళ్ళి చేయి కలిపాడు. వచ్చినవాడు ఈసారి కొత్తవాడు, పొట్టిగా, నెరిసిన జుట్టుతో, నలిగిన చొక్కాతో ఉన్నాడు. ఆ ఉదయమే ఇంకెక్కడో రెండు మూడు చోట్ల తనిఖీ చేసి వచ్చినట్టుంది, కళ్ళ కింద సంచులు. పై అంతస్తులన్నీ తిరిగి ఆఖరున పిల్లల గదికి వచ్చాడు. మేనేజరు, సూపర్‌వైజరు వెనకాలే. దారాలత్త చూపు ముందు అతని చొక్కా జేబు మీద పడింది. అక్కడో దారం వేలాడుతోంది. చేయి వెనక్కి పెట్టుకుంది.

అతను గుమ్మంలో నిలబడి, బొమ్మలకేసి గానీ ఉయ్యాలలకేసి గానీ చూడలేదు. చెవి ఒగ్గి వింటున్నట్టు కాసేపు అలాగే ఉన్నాడు. గదిలో చప్పుడు లేదు. ఇద్దరు నిద్రపోతున్నారు. చిట్టి జిరాఫీ పాదం దగ్గర కూర్చుని గిలక్కాయ నములుతోంది. బండోడు లేచి వెళ్ళి, తోక దగ్గర పళ్ళ గాట్లున్న బాతును కొత్త మనిషి చేతిలో పెట్టి, “నీకు” అన్నాడు.

అతను చిన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బాతును తిప్పి గాట్లు చూశాడు. ముఖంలో అలసట కొంచెం విడిపోయింది.

“మేనేజరు గారూ, మీకో మాట చెప్పనా?” అన్నాడు. “ఇలాంటి గదులు చాలా చూశాను. అన్ని చోట్లా గోడలకు కొత్త రంగు, కొత్త ఉయ్యాలలు. కానీ పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తుంటారు. అలవాటు లేని చోటు కదా. ఆ ఏడుపు వినగానే నాకు తెలిసిపోతుంది, ఈ గది ఆ ఒక్కరోజు కోసమేనని. అదే రిపోర్టులో రాస్తాను. ఇక్కడ ఒక్కరూ ఏడవలేదు. ఇది నిజంగా నడుస్తున్న గది.”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “మా దగ్గర మొదటి నుంచీ ఇంతే సార్.”

దారాలత్తకు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి మొదటి సోమవారమే వచ్చి ఉంటే, గేటు దాటకముందే ఏడుపులు వినేవాడు. రేపూ మాపూ అంటూ తనే ఆ ఏడుపులన్నీ అణిగిపోయేదాకా ఆగి వచ్చి, ఇప్పుడు మెచ్చుకుంటున్నాడు. పిల్లలు ఏడవకపోవడానికి కారణం ఆమె చేతులే. తాను బాగా చూసుకోవడం వల్లే అధికారి మెచ్చుకుని వెళ్ళిపోతాడు, రేపు గది మళ్ళీ మూతబడుతుంది.

“మీరేనా అమ్మా చూసుకునేది? చాలా బాగా చూస్తున్నారు,” అన్నాడు ఆమెతో. “ఏమైనా చెప్పాలా?”

సూపర్‌వైజరు ఆమెవైపు చూసింది. మేనేజరు చూడలేదు, చూడాల్సిన పని లేదన్నట్టు. పైన కోడలి మిషను నడుస్తోంది. ఆ చప్పుడు ఎన్ని మిషన్ల మధ్య ఉన్నా దారాలత్త పోల్చుకోగలదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తే ఆ చప్పుడు రేపు ఉంటుందో ఉండదో. చెప్పకపోతే ఈ గది ఉండదు.

“మళ్ళీ ఎప్పుడొస్తారు సార్?” అని అడిగింది.

“వచ్చే ఏడే. కంగారు పడకండి, ముందే కబురు పెడతాం.”

“పెట్టకుండా రండి సార్.”

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మేనేజరు పెద్దగా నవ్వేశాడు. “మా అత్తకు వేళాకోళం ఎక్కువ సార్.”

అధికారి నవ్వలేదు. ఆమెను కాసేపు చూశాడు. “రూలు ఒప్పుకోదమ్మా. ముందుగా తెలియజేయకుండా గేటు లోపల కాలు పెడితే నా మీదే ఫిర్యాదు రాస్తారు,” అన్నాడు. ఆ మాట ఇంతకుముందు చాలామందితో అని అని అరిగిపోయినట్టుంది. “ఇప్పుడైతే అంతా బాగానే ఉంది కదా?”

“ఈ వేళ బాగానే ఉంది సార్,” అంది దారాలత్త.

‘ఈ వేళ’ అన్న మాట అతనికి వినపడిందో లేదో. బాతును బండోడి చేతికిచ్చి, నడుం పట్టుకుని లేచి, వాచీ చూసుకున్నాడు. ఇంకో చోటికి వెళ్ళాలట. అక్కడ కూడా ఎదురుచూస్తుంటారట.

మర్నాడు పొద్దున గేటు దగ్గర గుంపు. అలవాటు కొద్దీ తల్లులందరూ పిల్లల్ని ఎత్తుకొచ్చేశారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన్ను అందరూ గేటు బాబాయ్ అంటారు. ఆయన అడ్డంగా నిలబడి ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

“ఈ వేళ పిల్లలెందుకమ్మా? అయిపోయిందిగా.”

“ఏంటి బాబాయ్ అయిపోయేది? నిన్నటిదాకా రానిచ్చావుగా!” అంది గుండీలమ్మాయి.

“నిన్న వేరు తల్లీ. నన్నంటే ఏం లాభం? వెళ్ళి చూడండి, రాత్రే మోసేశారు.”

దారాలత్త ఒక్కతే లోపలికి వెళ్ళి చూసింది. తలుపు సగమే తెరుచుకుంది. లోపల తానులు అడ్డం. పైన జిరాఫీ తల. కింద ఎక్కడో రైలుబండి చక్రం ఒకటి పడి ఉంది. గుమాస్తా బొమ్మలన్నీ పట్టుకెళ్ళినట్టున్నాడు. బాతు కొరుకుడు గురించి ఆమెకు నాలుగు మాటలు పడతాయి, అది వేరే సంగతి.

గేటు దగ్గరికి తిరిగి వచ్చేసరికి కోడలు పిల్లను భుజాన వేసుకుని వెనక్కి తిరిగి నిలబడి ఉంది. ఇంటివైపు.

“ఇటివ్వు,” అంది దారాలత్త.

“అత్తయ్యా, వద్దు. నేను...”

“ఇటివ్వమన్నానా! సైరన్ కొడతారు, పో. కాలర్లు వంకర పోతే మళ్ళీ నాకే చెడ్డపేరు, కోడలికి పని నేర్పలేదని.”

చిట్టిని అందుకుంది. గుండీలమ్మాయి నోరు తెరిచి అడగలేదు. బండోడి చెయ్యి పట్టుకుని చూస్తూ నిలబడింది, అంతే. దారాలత్త రెండో చెయ్యి చాచింది. “రారా, నువ్వూ రా. నువ్వొక్కడివే తక్కువైంది నా బతుక్కి.”

అలా ఆమె దారాల బల్ల వదిలేసింది. ఆ చిన్న కత్తెర ఎవరో కొత్త మనిషి వేలికి వెళ్ళింది. ఇల్లే పసిపిల్లల గది అయింది, జిరాఫీ లేదు, అంతే తేడా. ఒకే గది. పొయ్యి దగ్గరికి పాకకుండా బోర్లించిన బకెట్లు అడ్డం పెట్టేది. బండోడు బకెట్లు వాయించేవాడు. సాయంత్రానికి నడుం పట్టేసేది, రెక్కలు పడిపోయేవి. కోడలు వచ్చి, కాళ్ళు పిసకనా అత్తయ్యా అంటే, వద్దులే నువ్వూ అలిసే వచ్చావు అనేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని గోడకు ఆనుకునేవాళ్ళు. కోడలు మిషను దగ్గర పాడుతోందో లేదో అడగాలనిపించేది. అడగలేదు.

కొన్నాళ్ళకు ఒక సెలవు రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. కోడలు బట్టలు ఉతకడానికి వెళ్ళింది. సెలవు రోజైనా బండోడు ఇక్కడే ఉన్నాడు, వాడికి ఇదే ఇల్లయిపోయింది. దారాలత్త ఎవరులే అనుకుని తీసింది. ఎదురుగా సూపర్‌వైజరు.

దారాలత్త చూపు గది చుట్టూ తిరిగింది. తాడు మీద తడిగుడ్డలు, నేల మీద ఒలికిన పాలు, పొయ్యి పక్కన అంట్లగిన్నెలు, దుప్పటి మీద ఒంటి మీద నూలుపోగు లేని బండోడు. చేతికందిన గుడ్డతో పాలు తుడుస్తూ, కాలితో గిన్నెల్ని మూలకు తోస్తూ, “ఒక్క మాట చెప్పి వస్తే బాగుండేది కదా మేడమ్! కాస్త సర్ది ఉంచేదాన్ని,” అంది.

అనేశాక ఆ మాట తన చెవినే పడింది. తుడుస్తున్న చెయ్యి ఆగింది. తలెత్తి చూస్తే సూపర్‌వైజరు పెదాలు బిగపట్టి ఉంది. ముందు ఎవరు నవ్వారో తెలియదు. పెద్ద నవ్వేం కాదు, ఇద్దరూ అలిసిపోయిన మనుషులే. కానీ కాసేపు ఆగలేదు.

“సర్దకు అత్తా. నాకు చూపించడానికేం అక్కర్లేదు,” అని సూపర్‌వైజరు దుప్పటి అంచున చతికిలబడింది. ముడుకులు పట్టుకుని, “మా అబ్బాయిని మా అమ్మ దగ్గర వదిలి వచ్చేశాను, వీడి వయసులో. నాకు తెలియదనుకోకు,” అంది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. “ఆ అధికారి మన గది గురించి గొప్పగా రాశాడట. అందరికీ చూపించాల్సిన గదట. పైవాళ్ళు, బయట దేశాల్లో మన చొక్కాలు కొనేవాళ్ళు, అందరూ ఆయనతో కలిసి చూడ్డానికి వస్తారట. వచ్చే నెల. కబురొచ్చింది.”

“రానివ్వండి.”

“ఆయాను కూడా చూస్తారట. అంటే నిన్నే. ఆ రోజుకి నువ్వు రావాలి, పిల్లలతో. మేనేజరు పంపించాడు.”

దారాలత్త బండోడికి లాగు తొడిగింది. చిట్టి బకెట్టు అవతల నుంచి తల పెట్టి సూపర్‌వైజరును చూసి, కొత్త మనిషి అని గుర్తుపట్టి, పెదవి వంచి, ఇల్లదిరేలా ఏడుపందుకుంది.

దారాలత్త పిల్లను ఎత్తుకోలేదు. ఏడవనిచ్చింది.

“వింటున్నారుగా మేడమ్,” అంది ఆ ఏడుపు మీదుగా. “ఆ రోజుకి ఆ రోజు తీసుకొస్తే ఇంతే. ఇలాంటివాళ్ళు గదినిండా ఉంటారు. గదిని మరిచిపోయి ఉంటారు ఈపాటికి. పోయినసారి ఎందుకు ఏడవలేదో మీకు తెలుసు, నాకు తెలుసు. ఏడిస్తే ఆయనకేం అర్థమవుతుందో కూడా మనం విన్నాం.”

సూపర్‌వైజరు ముఖం మారింది. “అయితే?”

“అలవాటు చేయాలి. గది ముందే తెరవాలి.”

“ఎంత ముందు?”

“వచ్చే నెలన్నారుగా. రేపట్నించి.”

“రేపట్నించా! మేనేజరు గుండె ఆగి చస్తాడు. తానులెక్కడ పెడతాడు?”

“అది ఆయన చూసుకుంటాడు. నేను పిల్లల సంగతి చెబుతున్నా. పసివాళ్ళకు ఏం చెప్పి ఊరుకోబెడతాం మేడమ్, వాళ్ళకు కబురు పెట్టి అర్థమయ్యేలా చెప్పలేం కదా.” అప్పటికి చిట్టిని ఎత్తుకుంది. పిల్ల వెక్కుతూ భుజంలో ముఖం దాచుకుంది.

సూపర్‌వైజరు తల ఊపింది. “సరే, చెబుతా. ఒప్పుకుంటాడులే. ఒప్పుకోక చస్తాడా.” లేచి చెప్పులు వేసుకుంటూ ఆగింది. “వాళ్ళొచ్చి వెళ్ళాక ఏంటి అత్తా?”

“నన్నడిగితే ఏం చెప్పను మేడమ్? మళ్ళీ ఎప్పుడొస్తారో కనుక్కుని మీరే చెప్పాలి.”

మర్నాడు పొద్దున దారాలత్త చిట్టిని చంకనేసుకుని, బండోడి చెయ్యి పట్టుకుని గేటు దాటింది. గేటు బాబాయ్ పక్కకు తప్పుకున్నాడు. కాస్త వంగి బండోడి తల నిమిరాడు. కోడలు మెట్లెక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసి పైకి వెళ్ళిపోయింది.

గది దగ్గర కూలీలు అప్పుడే తానులు దించుతున్నారు. జిరాఫీకి మెడ వచ్చింది. బండోడు చెయ్యి విడిపించుకుని వెళ్ళి, ఇంకా కాళ్ళు రాలేదని నిరాశపడి నిలబడ్డాడు. భుజం మీద తానుతో చెమటలు కక్కుతున్న కూలీ ఒకడు దారాలత్తను చూసి ఆగాడు.

“ఎక్కడ పెట్టమంటావ్ అత్తా? మెట్ల కింద పెట్టేదా? ఎలాగూ నెలకల్లా మళ్ళీ ఇక్కడికే మోయాలిగా.”

దారాలత్త చాప దులిపి పరుస్తోంది. వంగిన నడుం నెమ్మదిగా నిటారు చేసింది.

“మెట్ల కింద వద్దయ్యా,” అంది. “పెరటి చివర పాత గోదాముంది చూడు, అందులో పెట్టండి. ఇంకా దూరం ఏదైనా ఉంటే, అక్కడ.”